ముడి విప్పని రిజిస్టర్లు

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ఇంటిపేర్లా?"

రికార్డుల గదిలో పనిచేసే అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది. నా అప్లికేషన్లో ఇంటిపేరు ఐదు రకాలుగా ఉంది మరి. నాన్న పాస్‌పోర్టులో ఒకలా, బాబాయి స్కూలు సర్టిఫికెట్లో ఇంకోలా.

"మా ముత్తాత కూలిపనికి ఈ దేశమొచ్చి ఓడ దిగినప్పుడు గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడండీ. తర్వాత ప్రతి ఆఫీసువాళ్ళూ తలో చెయ్యి వేశారు."

"ఓడ పేరు?"

"తెలీదు."

"ఏ సంవత్సరం?"

"మా తాతయ్య పుట్టకముందు."

"తల లేదు, తోక లేదు. మనిషిని మాత్రం వెతికిపెట్టాలి!" అని విసుక్కుంటూనే లోపలికి వెళ్ళింది. ఆ విసుగు కూడా ఎంత బాగుందో!

అలా ఓడల్లో వచ్చినవాళ్ళ రిజిస్టరు రోజుకి ఒక్కటే ఇస్తారు. ఆ అమ్మాయే నాడాతో ముడివేసి తెచ్చేది. "పెన్ను ముట్టుకోకండి, పెన్సిలే" అని రోజూ హెచ్చరించేది.

తాతయ్యకి ఎనభై నాలుగు. ఆయన మూడేళ్ళ వయసులోనే వాళ్ళ నాన్న పోయాడు. ఒక్క ఫొటో కూడా లేదు. "ఆయన గుర్తు ఏదైనా ఒక్కటి కళ్ళారా చూడాలిరా" అని నన్ను పంపించాడు.

నాలుగో రోజే ముత్తాత దొరికాడు, ఆరో రకం ఇంటిపేరుతో! తండ్రి పేరు, సొంతూరు, కుడి చెవి కింద మచ్చ, ఇంట్లో చెప్పుకునేవన్నీ సరిపోయాయి.

కానీ దొరికాడంటే మర్నాటి నుంచి ఇక్కడికి రావడానికి సాకేదీ? ఆ సంగతి చెప్పకుండా మర్నాడు ఇంకో రిజిస్టరు అడిగాను. ఇంటికెళ్తే తాతయ్య గుమ్మంలోనే ఎదురయ్యేవాడు. "దొరికాడా?" "ఇంకా లేదు తాతయ్యా." అని తల దించుకుని లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి.

పదో రోజు తాతయ్య తనే చేతికర్ర పట్టుకుని రికార్డుల గదికి వచ్చేశాడు.

"అమ్మాయీ, వీడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. ఊరందరి చూపూ సరిచేస్తాడు. మా నాన్న మాత్రం వీడి కంటికి ఆనడం లేదు!"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. "ఆరు రోజులుగా ఈయన తీసుకున్న రిజిస్టర్లు నేను వేసిన ముడి వేసినట్టే తిరిగొస్తున్నాయి తాతగారూ. విప్పకుండా చదివే విద్య ఎక్కడ నేర్చారో అడగండి."

నాకు చెవులు వేడెక్కాయి.

"నాలుగో రోజే దొరికాడు తాతయ్యా. చెబితే ఈవిడ్ని చూడ్డం కుదరదని దాచాను. తప్పయిపోయింది."

ఆ అమ్మాయి గబగబా వెళ్ళి నాలుగో రోజు రిజిస్టరు తెచ్చి, ముడి విప్పి, నేను చెప్పిన పేజీ తెరిచింది. ఇంటిపేరు పక్కన నల్లటి వేలిముద్ర.

తాతయ్య తన బొటనవేలు దాని పక్కనే ఆనించాడు. కళ్ళు నిండిపోయాయి.

"పేరు ఎవడెలా రాస్తేనేంరా, వేలు మా నాన్నదే."

నా వైపు తిరిగాడు. "ఆరు రోజులు మా నాన్నని నాకు దక్కనివ్వలేదు. నిన్నేం చేసినా పాపం లేదు." తర్వాత ఆమె వైపు చూశాడు. "అవునమ్మా, వీడు ముడి విప్పట్లేదని నీకు మొదటి రోజే తెలిసింది కదా. మరి రోజూ ఇంకో రిజిస్టరు ఎందుకు కట్టి ఇచ్చావు?"

ఆ అమ్మాయి తెల్లబోయింది. "అడిగితే ఇవ్వాలని రూలు తాతగారూ..."

"దొందూ దొందే!" అని తాతయ్య మళ్ళీ వేలిముద్ర మీదికి వంగాడు.

ఆమె నాడా చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"రేపు రికార్డుల గదికి సెలవు."

"తెలుసండీ," అన్నాను దిగులుగా.

"నాకూ సెలవే."