తేనె కలిపిన మాతే

మూడు వారాలు గడిచాక డెల్ఫీనాకు ఒక సంగతి రూఢి అయింది. ఈ తదేయో అనే మనిషికి యంత్రాల భాష తప్ప మరో భాష రాదు.

అపోస్తొలెస్ ఊరి చివర, యెర్బా ఆకు ఆరబెట్టే షెడ్డులో ఆమెది తూకం పని. కోతల కాలానికి వచ్చిన మెకానిక్ అతను. సాయంత్రం నాలుగింటికి యంత్రాలు ఆపి అందరూ బెంచీ మీద చేరేవారు. ఆ ఆకు మీద వేడినీళ్లు పోసి, మాతే అనే చేదు పానీయం చేసి అందించేది డెల్ఫీనాయే. ఒకటే సొరబుర్ర, ఒకటే గొట్టం, వరసగా ఒకరి తర్వాత ఒకరు.

నోటితో చెప్పలేని మాట మాతేలో కలిపి చెప్పొచ్చని ఆమెకు నేర్పింది అమ్మమ్మ ఎయుస్తాకియా.

మొదట అతని వంతుకు దాల్చినచెక్క వేసింది. నువ్వే గుర్తొస్తున్నావని దాని అర్థం.

"జలుబు చేసిందా నీకు?" అన్నాడతను.

తర్వాతి వారం నారింజ తొక్క వేసింది. వచ్చి నన్ను తీసుకెళ్లు అని.

"ఇందులో ఏదో పడినట్టుంది," అంటూ రెండు వేళ్లతో తీసి అవతల పారేశాడు.

ఇక సిగ్గు విడిచి తేనె కలిపింది. తేనె అంటే పెళ్లి. తదేయో దవడ పట్టుకుని కష్టంగా తాగాడు.

"పన్ను పుచ్చింది. తీపి తగిలితే ప్రాణం పోతోంది."

అమ్మమ్మ విని తల పట్టుకుంది. "మా రోజుల్లో తేనె తాగినవాడు సాయంత్రానికల్లా గుమ్మం ముందు గుర్రం దిగేవాడు. వీడు ఎక్కడికి వెళ్లాడే?"

"పళ్ల డాక్టరు దగ్గరికి."

శుక్రవారం పొద్దుటి నుంచీ ముసురు. బెంచీ మీద కూర్చుంటూ తదేయో నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"సోమవారం నుంచి పోసాదాస్‌లో పని. అక్కడి మిల్లువాళ్లు పిలిచారు."

అతని వంతు రాగానే డెల్ఫీనా వేడినీళ్ల ఫ్లాస్కు పక్కన పెట్టి, కుళాయి నీళ్లు పోసి ఇచ్చింది. జూలై అక్కడ నడి చలికాలం, ఆ చలిలో అది గొంతు దిగడమే కష్టం. అతను గుటకలు వేస్తూ చివరిదాకా తాగాడు. మళ్లీ వంతు వచ్చింది, మళ్లీ చన్నీళ్లే. అదీ తాగాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"చల్లగా లేదూ?"

"ఉంది."

"మరెందుకు తాగావు?"

"నువ్విచ్చావు గదా."

"చల్లటి మాతే ఇస్తే నీ మొహం చూడ్డం ఇష్టం లేదని అర్థం. అది కూడా తెలీదా నీకు?"

తదేయో మొహం పాలిపోయింది. "నాకెవరు చెప్తారు? మా ఇంట్లో నాన్నా నేనే. ఆయన చేదు మాతే తాగుతాడు, మాట్లాడడు." చేతిలోని బుర్ర వైపు చూశాడు. "అయితే ఆ దాల్చినచెక్క?"

డెల్ఫీనా వాన వైపు తిరిగింది.

"తొక్క? తేనె?"

"తేనె అంటే పెళ్లి," అంది కోపంగా. "చాలా? ఇంకా విప్పి చెప్పాలా?"

"నోటితో చెప్పొచ్చు గదా, డెల్ఫీనా."

"నువ్వు చెప్పొచ్చు గదా."

"చెప్పలేకే పోసాదాస్ పోదామనుకున్నాను. రోజూ నీ ఎదురుగా కూర్చుని, తాగి, లేచిపోవడం నా వల్ల కావట్లేదు. ఆ పన్ను నొప్పితో కూడా ఒక్క గుక్క వదిలానా?"

ఆమె తిరిగి చూసింది.

"వెళ్లను," అన్నాడు తదేయో. "రేపు మీ అమ్మమ్మ దగ్గరికి వస్తాను. అడగడానికి."

"నోటితో అడుగు. ఆవిడకి ఓపిక లేదు."

బెంచీ చివర్నుంచి ట్రాక్టరు నడిపే బెనీసియో దగ్గాడు. అరవై దాటినవాడు, ఈ మూడు వారాలూ అంతా చూస్తూనే ఉన్నాడు.

"అమ్మాయ్, ఒకే బుర్రలో తాగుతున్నాం. ఆ దాల్చినచెక్కా, ఆ తేనే మాకూ తగిలాయి. వీడికి అర్థమయ్యేలోపు నేనే ఒప్పేసుకుందామనుకున్నాను. మీరిద్దరూ చల్లగా ఉండండి. ఒరే తదేయో, ఇంక ఆ బుర్ర వదులు. నా వంతు."