పై గదిలో పదాలు నిలవవు

నలభై ఒక్క వేల రెండు వందల పదాలు. ఆ గదిలో అడుగుపెట్టేనాటికి బావ నవల అంతే.

మూతపడ్డ ప్రెస్సు మీద గది అది. మంచి పేరు లేదు. వెనకటికి అక్కడ కూర్చుని రాసినాయన నవల సగంలో ఉండగానే పోయాడట… అప్పట్నుంచి అక్కడ ఎవరు రాసినా పూర్తి కానివ్వడట.

బావ నవ్వి కొట్టిపారేశాడు. పగలంతా ప్రూఫులు దిద్దే ఉద్యోగం. రాసుకోడానికి మిగిలేది రాత్రే.

గదిలో ఒక కంప్యూటర్ పెట్టి, ఇంటి కంప్యూటర్‌లో ఉన్న నవలని అందులోకి ఎక్కించి, నవలలు రాసే సాఫ్ట్‌వేర్ నేనే నేర్పాను. సన్నివేశానికో కార్డు, ఆ కార్డుల్ని ముందుకీ వెనక్కీ జరపడం, పక్కన పాత్రల వివరాలు, అడుగున పదాల లెక్క. రెండు సాయంత్రాల్లో పట్టేశాడు.

ఆ తర్వాతిది బావ చెప్పినట్టే చెబుతున్నా.

మొదటి రాత్రి పదిహేను వందలు రాసి, ఫైలు మూసి, గదికి తాళం వేసి ఇంటికొచ్చాడు. మర్నాడు వెళ్లి తెరిస్తే — నలభై ఒక్క వేల రెండు వందలు! మళ్లీ రాశాడు. మళ్లీ అంతే. మూడో రాత్రి… నాలుగో రాత్రి… అదే చివరి అధ్యాయం, అదే అంకె.

పదకొండో రోజున అక్కకి తెలియకుండా నా దగ్గరికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దెయ్యానికి కూడా నా రాత నచ్చలేదురా బావమరిదీ. రేపు పొద్దున్నే పబ్లిషరుకి ఇవ్వాలి. మూడుసార్లు గడువు అడిగాను. ఇంక అడిగే మొహం లేదు."

ఆ రాత్రి ఇద్దరం వెళ్లాం. పదకొండున్నరకి రాయడం ముగించాడు. లైటు తీసేసి గోడకి ఆనుకున్నాం.

పన్నెండు.

ఎవరూ ముట్టుకోలేదు — తెర వెలిగింది.

"చూశావా…" బావ నా చెయ్యి పట్టుకున్నాడు. మంచుముద్దలా ఉంది ఆ పట్టు.

దగ్గరికెళ్లాను. తెర మూలన సన్నటి గీత పాకుతోంది. దాని కింద — 'ఇంటి కంప్యూటర్ నుంచి కాపీ అవుతోంది'.

ఆ కాపీ సెట్టింగు తెరిచి చూశాను.

రాసింది పోకుండా రోజూ అర్ధరాత్రి ఇంటికో కాపీ వెళ్లేలా, బావకి చెప్పకుండా పెట్టింది నేనే. కానీ పొరపాటున కాపీ దిశ తిరగేసి పెట్టాను. ఇంట్లో ఉన్న పాతదే రోజూ ఇక్కడికొచ్చి కొత్తదాన్ని తుడిచేస్తోంది. పదకొండు రాత్రులు, రాత్రికి పదిహేను వందలు — పదహారు వేల అయిదు వందలు. ఒక్క అక్షరం వెనక్కి రాదు.

"ఎవర్రా…?" గుసగుసగా అడిగాడు బావ. "కనిపించాడా?"

లైటు వేశాను. కుర్చీ లాక్కుని బావకి ఎదురుగా కూర్చున్నాను.

"బావా…"