మైనం గోడ

"ఈ గోడ తీసేయండి," అంది పరిశోధకురాలు ఉయెన్.

దలాత్ అణు రియాక్టర్ హాల్లో రక్షణ గోడలు కట్టించే ఇంజనీరు కియెట్. సీసం ఇటుకల మీద చెయ్యేసి బిక్కమొహం పెట్టాడు. "నడుం పడిపోయేలా మోశానండీ దీన్ని!"

"సీసం గామా కిరణాల్ని ఆపుతుంది. నా డిటెక్టర్‌ని తినేస్తున్నవి బీమ్‌లోంచి పక్కకి చెదిరిన న్యూట్రాన్లు. ఛార్జ్ లేని కణాలు, సీసంలోంచి షికారు కొడుతూ వచ్చేస్తున్నాయి. హైడ్రోజన్ ఉన్న మైనం కావాలి."

"నాకూ తెలుసు మేడమ్. స్టోర్లో మైనం లేదు. రావాలంటే రెండు నెలలు."

"రియాక్టర్ బీమ్ నాకిచ్చింది శుక్రవారం దాకానే!"

"నామీద అరిస్తే మైనం పుడుతుందా?"

ఉయెన్ అరవలేదు. బల్ల మీది బియ్యం పొట్లం చూపించింది. మెకాంగ్ ఒడ్డున ఆమె నాన్న పండించిన బియ్యం. పొలం పక్కన పాత బ్యాటరీలు కరిగించే షెడ్డుంది. అక్కడి కాడ్మియం విషం గింజలోకి దిగిందో లేదో న్యూట్రాన్లే చెప్పాలి. అవి అణు కేంద్రకంలోకి దూరితే కాడ్మియం తన గామా కిరణాలతో ఆనవాలు తనే బయటపెడుతుంది.

కియెట్ మొహంలో నవ్వు పోయింది. "కొవ్వొత్తులు చేసేవాళ్ళ దగ్గర మైనం ఉంటుంది," అన్నాడు.

"పదండి మరి!"

జోరువానలో బైక్ మీద వెళ్ళారు. అంత మైనం అడిగేసరికి దుకాణం ఆవిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఇన్ని కొవ్వొత్తులంటే పెళ్ళికే! ఎప్పుడమ్మా?" అంది.

కియెట్‌కి పొలమారింది. "ముందు తూచండి పిన్నిగారూ," అంది ఉయెన్, చెవులు ఎర్రబడుతుంటే.

మైనం కరిగించి బోరాన్ పొడి కలిపి దిమ్మలు పోశారు. న్యూట్రాన్ల వేగాన్ని మైనం తగ్గిస్తే, నెమ్మదించినవాటిని బోరాన్ మింగేస్తుంది. కొత్త గోడ లేచాక తెరమీద గోల అణిగింది. నాన్న బియ్యం బీమ్‌లో పెట్టగానే కాడ్మియం గీత ఒక్కటే నిటారుగా నిలబడింది.

"కొలత తప్పేమో," అన్నాడు కియెట్ మెల్లగా.

ఉయెన్ బజారు బియ్యం పెట్టి చూసింది. గీత రాలేదు. మళ్ళీ నాన్న బియ్యం పెట్టింది. వచ్చింది.

"తప్పు కాదు. ఊరికెళ్ళి చెప్పాలి."

"ఊరంతా మీమీద పడుతుంది."

"పడనీ. తినేది వాళ్ళే కదా."

"నేనూ వస్తాను."

"మీరు దేనికి?"

"గోడ కట్టింది నేను కాబట్టి, లెక్క నిజమని చెప్పడానికి." గొంతు సవరించుకున్నాడు. "అబద్ధం. నీతో ఉండడానికి."

ఉయెన్ తల తిప్పేసుకుంది. బియ్యం పొట్లం కట్టేస్తూ, "తెల్లారే బస్సు. ఆలస్యం చేశావో, వదిలేసి పోతా," అంది.

ఊళ్ళో కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు. ఆమె నాన్న మాత్రం అంతా విని లేచాడు. వండిన అన్నం గిన్నె ఎత్తి గోతిలో కుమ్మరించి మట్టి కప్పాడు. "రేపు ఆ షెడ్డు మూయించే పని మీద జిల్లా ఆఫీసుకెళ్దాం," అన్నాడు కూతురితో.

తర్వాత బజారులో కొన్న చిలగడదుంపలు ఉడికించి కియెట్ ముందు పెట్టాడు.

"మా పిల్ల మహా మొండిది. తెలుసా బాబూ?"

"తెలుసండీ."

"అయినా కావాలా?"

"అందుకేనండీ."

పెద్దాయన ఉన్నవాటిలో పెద్ద దుంప ఏరి, స్వయంగా తొక్క తీసి, అతని చేతిలో పెట్టాడు.