సభలో నిమ్మ వాసన

ఒరేయ్ అల్లుడూ! ఆ చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకా ఎంతసేపు మురిసిపోతావు? ఫారిన్ సబ్బుతో కడిగినంత మాత్రాన అవి దొర చేతులైపోవు. ఇటొచ్చి కూర్చో, సీక్రెట్ ఏజెంట్ కథ చెప్తాను. మధ్యలో లేచావో, ఇంటర్వ్యూలో నువ్వు గురక పెట్టిన సంగతి అందరికీ చెప్పేస్తా.

మనం కూటమిలో చేరకముందు మాట. చుట్టుపక్కల దేశాలన్నీ కలిసి ఒకే మార్కెట్, ఒకే కరెన్సీ పెట్టుకున్నాయి. మనమూ చేరాలా, మన మానాన మనం ఉండాలా? మధ్యాహ్నం సభలో ఓటింగ్.

ఆ పొద్దున చీఫ్ తన గది కిటికీలన్నీ మూయించి ఏజెంట్‌ని పిలిపించాడు. డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్ పేరు ముక్కు. ఏ మారువేషం వేసినా మనిషి కంటే ముందు ముక్కు గదిలోకి వచ్చేది.

"ముక్కూ, సభలో టైమ్ బాంబ్ ఉంది."

"ఎవరు పెట్టారు సార్?"

"విదేశీ ముఠా. మనం కూటమిలో చేరితే బోర్డర్‌లో వాళ్ళ స్మగ్లింగ్ మూతబడుతుంది."

"కానీ సభలో వద్దనేవాళ్ళే ఎక్కువటగా సార్. మరి ముఠాకి బాంబెందుకు?"

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ప్రశ్నలకి జీతం ఇవ్వరు. బయల్దేరు."

వర్క్‌షాప్‌లో గాడ్జెట్ల మనిషి డాక్టర్ స్క్రూ వైరు కత్తిరించే పెన్ను ఇచ్చాడు. ఈ పెద్దమనిషికో అలవాటుంది. ట్రైనింగ్ కోసం తయారు చేసే ఉత్తుత్తి బాంబుల్లో పేలుడు మందుకి బదులు సబ్బు కూరేవాడు. రంగూ మెత్తదనమూ అచ్చం అలాగే ఉంటాయి, పైగా చవక. ఆ సబ్బు ముక్కు వాళ్ళ అక్క ఫ్యాక్టరీదే. ట్రైనింగ్ ఉన్న రోజున ఏజెంట్లందరి చేతులూ నిమ్మ వాసన కొట్టేవి.

దారిలో ముక్కు ఆ ఫ్యాక్టరీలోకి తొంగి చూశాడు. ఆవిర్ల మధ్య అక్క అచ్చులోంచి సబ్బులు తట్టి తీస్తోంది. ఒక్కొక్క దాని మీదా చిన్న నెలవంక.

"ఏరా, ఇవాళ మైకు మెకానిక్ వేషమా? ఆ ముక్కుకి మైకొకటే తక్కువ!"

"అక్కా, చేరాలంటావా, వద్దంటావా?"

"చేరితే వాళ్ళ సబ్బులు పన్ను లేకుండా దిగుతాయి, నేను ఫ్యాక్టరీ మూసుకోవాలి. చేరకపోతే నా నూనె లారీ బోర్డర్‌లోనే పడుంటుంది, అప్పుడూ మూసుకోవాలి." అక్క నుదుటి చెమట తుడుచుకుంది. "కాకపోతే తాళం మనమే వేసుకుంటే, మళ్ళీ తీయడానికి తాళంచెవి మన దగ్గరే ఉంటుందిరా."

సభ కిక్కిరిసి ఉంది. కూటమి ప్రతినిధుల పక్కన ఎర్ర కోటు, నల్ల కళ్ళద్దాలతో వాళ్ళ దుబాసీ. మన డిపార్ట్‌మెంట్‌ దగ్గరా, కూటమి దగ్గరా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. ఆమె నడిచొచ్చి కోడ్ పలికింది.

"ఈ మైకులో మాట వస్తుందా?"

"గాలే వస్తుంది మేడమ్."

ఆమె చూపు స్పీకర్ బల్ల కిందికి జారింది. ముక్కు కింద దూరాడు. గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఎర్ర వైరా, పచ్చ వైరా? ముల్లు చివరి గీత మీదికి వాలుతుండగా పచ్చది కత్తిరించాడు. ఆగింది. డబ్బా మూత తీశాడు.

గుప్పున నిమ్మ వాసన. లోపల నెలవంక.

ముక్కుకి అర్థమైంది. ఇది ముఠా బాంబు కాదు, సొంత ఇంటి సరుకు. స్క్రూకి సబ్బు తప్ప ఇంకోటి కూరడం చేతకాలేదు!

పైన, స్పీకర్ పక్కన నిలబడి చీఫ్ అప్పటికే అందుకున్నాడు. "బాంబు దొరికింది! ఇలా ఒంటరిగా ఉంటే రేపు మనకి దిక్కెవరు?"

సభ్యుల మొహాలు పాలిపోయాయి. వద్దన్నవాళ్ళు తలలు దించుకున్నారు. ముక్కు మైకు పట్టుకుని పైకి లేచాడు. దుబాసీ అతని చెవి దగ్గరికి వంగింది.

"నోరు తెరిచి చూడు. రేపు పేపర్లో బాంబు సరుకు మీ అక్కదని వేస్తారు. తమ్ముడు అందించాడనీ వేస్తారు. జైల్లో సబ్బులు చేయనిస్తారో లేదో కనుక్కో."

"అసలు నువ్వెవరి మనిషివి?"

"ఇవాళ ఎవరు గెలిస్తే వాళ్ళ మనిషిని."

అక్క చేతులు గుర్తొచ్చాయి. ముక్కు సబ్బు జేబులో వేసుకుని మైకు ఆపేశాడు. ఓటింగ్ అయింది. చేరిపోయాం. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ముక్కు కూడా కొట్టాడు.

చీఫ్‌కి కూటమి రాజధానిలో పెద్ద పోస్టు వచ్చింది. చీఫ్ కుర్చీ దుబాసీకి. ముక్కుకి ఒక పతకమూ, మర్నాడే రిటైర్‌మెంటూ. కూటమికి సొంత గూఢచారులున్నారట. అక్క ఫ్యాక్టరీ మూతబడితే కూటమి కంపెనీ అచ్చులతో సహా కొనేసింది. ఇప్పుడు అక్క అదే ఫ్యాక్టరీలో కూలికి సబ్బులు తీస్తోంది. తాళంచెవి మేనేజర్ దగ్గరుంది.

ఏంటి నవ్వుతున్నావు? పాపం, ముక్కు మోసపోయాడనా? నిజమేరా. ఏదీ, ఇందాకట్నుంచీ అందరికీ చూపిస్తున్న ఆ ఫారిన్ సబ్బు ఇలా తే. రెండింతలు రేటు పెట్టి కొన్నావుగా. ర్యాపరు పూర్తిగా తీసి వెనక్కి తిప్పు. నెలవంక కనిపించిందా?

ముక్కుకి వాసన తగలగానే తెలిసింది. నువ్వు పొద్దుట్నుంచీ ఆ వాసన చూస్తూనే ఉన్నావు.