వెళ్ళిపోయేవాళ్ళ కౌంటరు

ఫోను కంపెనీ తాళాల మిస్త్రీని మోసం చేసింది. అందులో రెండో మాట లేదు. రెండేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకుంది. ఏడాది తిరగ్గానే టవరు పీకి ఇంకో వీధికి పట్టుకుపోయింది.

మెట్ల కింద ఉన్న అతని కొట్లో ఆ రోజు నుంచి సిగ్నలు లేదు. ఫోను మాట్లాడాలంటే నడిరోడ్డు మీదకి వెళ్ళి, చెయ్యి పైకెత్తి, స్పీకరు పెట్టి అరవాలి. మొన్నటికి మొన్న ఒక బ్యాంకు మేనేజరు సొంత బాత్రూంలో ఇరుక్కుపోయి మూడు గంటలపాటు అతనికి ఫోను చేశాడు. మోగలేదు. బయటపడ్డాక ఆయన అన్న మాటలు అచ్చులో వెయ్యడానికి వీల్లేదు.

వేరే కంపెనీకి మారిపోవాలి. కానీ నంబరు పోకూడదు. పదకొండేళ్ళుగా అతను కోసిన ప్రతి తాళంచెవి మీదా ఆ నంబరే చెక్కాడు. ఊళ్ళో సగం జేబుల్లో అదే ఉంది. నంబరు పోతే అతను పోయినట్టే.

గడువుకి పది నెలల ముందే, ఒక వానరోజు, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా కంపెనీ షోరూంకి వెళ్ళాడు.

"చివరి కౌంటరుకి వెళ్ళండి. వెళ్ళిపోయేవాళ్ళంతా అక్కడికే," అన్నాడు గుమ్మం దగ్గరి మనిషి.

చివరి కౌంటరులో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. వెళ్ళేవాళ్ళని ఆపడమే ఆమె ఉద్యోగం. తోటివాళ్ళు ఆమెని 'ఆగండి మేడం' అంటారు.

"కూర్చోండి సార్. మా మీద కోపమొచ్చిందా?"

"కోపం రాలేదు. అసహ్యం వేసింది."

"దానికి మా దగ్గర మంచి ప్లాను ఉంది సార్. రాత్రిపూట మాటలు ఉచితం."

"పగలే మోగని ఫోను రాత్రి మోగుతుందా? కాంట్రాక్టు రద్దు చేసే కాగితం ఇవ్వండి. జరిమానా ఎంతైనా కడతాను."

"ఆగండి, రద్దు మాత్రం..."

"ఆగను." చేతికందిన ఫారం లాక్కుని, సంతకం గీకి, టేబులు మీద కొట్టి లేచాడు.

"సార్! ఆగండి! నంబరు..."

అతను అప్పటికే వానలో ఉన్నాడు. వెనక్కి తిరిగితే ఓడిపోయినట్టు అవుతుందని తిరగలేదు.

నాలుగు రోజులయ్యాయి. కాంట్రాక్టు రద్దయిన జాడ లేదు. రోడ్డుకి అవతల ఉన్న కొత్త కంపెనీవాళ్ళు, "పాత కంపెనీ నుంచి కోడ్ తెచ్చారా?" అని అడిగారు. అతనికి తల తిరిగింది. నేరుగా చివరి కౌంటరుకి వచ్చి పడ్డాడు.

"నా కాగితం ఏం చేశారు? తొక్కిపెట్టారా?"

"తొక్కిపెట్టాను." ఆమె సొరుగు లాగి ఫారం బయటికి తీసింది. "ఇదిగో, మీ గీతలు కూడా చెరగలేదు."

"ఎంత ధైర్యం!"

"అది నిజమే. ఏ రోజు కాగితం ఆ రోజే కంప్యూటర్లో ఎక్కించాలి. ఎక్కించనందుకు మేనేజరు రెండుసార్లు పిలిచి చీవాట్లు పెట్టారు. ఎక్కించి ఉంటే ఆ సాయంత్రమే మీ నంబరు చచ్చిపోయేది సార్. రద్దు చేసి మారడం కాదు. ముందు మా దగ్గర కోడ్ తీసుకోవాలి, దాన్ని వాళ్ళకివ్వాలి. నంబరు అటు దూకగానే ఇక్కడి కాంట్రాక్టు దానంతటదే రద్దవుతుంది."

కోపం తగ్గకుండా ఉండటానికి ఏదో ఒకటి వెతుక్కున్నాడు.

"ఆ మాట ఫోను చేసి చెప్పొచ్చుగా?"

"పదిహేడుసార్లు చేశాను."

"మోగలేదే!"

"మీకు సిగ్నలు లేదుగా."

"కొట్టుకొచ్చి చెప్పొచ్చుగా?"

"అదీ చేశాను. మీరు నడిరోడ్డు మీద నిలబడి ఆకాశంతో పోట్లాడుతున్నారు. వెనక లారీ హారను కొడుతోంది. నాకు భయమేసి వెనక్కి వచ్చేశాను."

మొదటిసారి అతను ఆమె మొహం సరిగ్గా చూశాడు. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది. ఆ ఆపడం మాత్రం ఆమెకి చేతకావడం లేదు.

షోరూంలో సిగ్నలు నిండుగా ఉంది. కోడ్ టింగుమంటూ వచ్చింది. దానికి ముప్పై రోజుల గడువు.

మర్నాడు అతను మళ్ళీ వచ్చాడు.

"చిన్న అనుమానం. కోడ్ తడిస్తే పని చేస్తుందా?"

"అది మెసేజి సార్. తడవదు."

"ఫోను తడిస్తే?"

"ఫోను తుడుచుకోండి."

ఆ మర్నాడు ఇంకో అనుమానం. ఆ తర్వాత రోజుకొకటి. గొడుగు ఉన్నా వానలో తడిసే వచ్చేవాడు. తడిసొస్తే ఆమె తువ్వాలు ఇస్తుంది.

"ఆ కంపెనీ వదిలేస్తానని ఎగిరావు. ఇప్పుడు రోజూ అక్కడే ఉంటున్నావేంట్రా?" అంది వాళ్ళ అక్క.

"పని ఉంది."

"కాలరుకి ఇస్త్రీ చేసుకునేంత పనా?"

ముప్పయ్యో రోజు సాయంత్రం ఐదయింది. అతను కౌంటరు ముందు కూర్చుని గోడ గడియారం చూస్తున్నాడు.

"ఇవాళ్టితో కోడ్ చస్తుంది," అంది ఆమె. "ఎదురు కంపెనీవాళ్ళు ఐదున్నరకి షట్టరు దించేస్తారు. లేవండి."

"ఇంకో కోడ్ ఇవ్వరా?"

"ఇస్తాను. అప్పటిదాకా మీరు చెప్పినట్టు బాత్రూముల్లో ఇరుక్కునేవాళ్ళ గతేంటి? మీ కొట్టు మూతపడితే? అసలు ఎందుకు వెళ్ళరు మీరు?"

"వెళ్ళిపోతే ఈ కౌంటరుకి రావడానికి నాకేం పనుంటుంది?"

టైపు చేస్తున్న ఆమె వేళ్ళు ఆగిపోయాయి. పక్క కౌంటరు వాళ్ళవీ ఆగిపోయాయి.

"మిస్త్రీ గారూ," అంది మెల్లగా. "మనుషుల్ని ఆపడమే నా ఉద్యోగం. మొదటిసారి నా నోటితో నేనే చెప్తున్నా. వెళ్ళండి. మీకు నేను ఫోను చెయ్యాలంటే ముందు అది మోగాలి కదా!"

అతను వెళ్ళిన వేగానికి గుమ్మం దగ్గరి మనిషి గోడకి అతుక్కుపోయాడు. సగం దిగిన షట్టరు కింద నుంచి దూరి, కోడ్ ఇచ్చి, దుమ్ముతో బయటికొచ్చాడు.

మర్నాడు పదింటికి మెట్ల కింద కొట్లో ఫోను మోగింది. ఆకురాయి చేతిలోంచి జారి కాలి మీద పడింది. అన్నం డబ్బా తెచ్చిన అక్క కంగారుపడింది.

"వినపడుతోందా?" అంది ఫోనులోంచి 'ఆగండి మేడం' గొంతు.

"వినపడుతోంది!" అని అరిచాడు. మూడు నెలలుగా అరిచి అరిచి ఫోనులో మెల్లగా మాట్లాడటం మర్చిపోయాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ! పెళ్ళి చేసుకుందామండీ!"

పై అంతస్తులో కుట్టు మిషను ఆగింది. పక్క సెలూనులో సగం గడ్డంతో ఒకాయన బయటికొచ్చాడు. వీధి ఆ చివర ఎవరో చప్పట్లు కొట్టారు.

అవతల చిన్న గొంతు. "సరేనండీ. కొంచెం మెల్లగా చెప్తే బాగుండేది. మా మేనేజరు కూడా విన్నారు."

అక్క ఫోను లాక్కుంది. "అమ్మాయ్, వీడికి చెవుడేం లేదు, బెంగపడకు. ఆదివారం మీ అమ్మనీ నాన్ననీ తీసుకుని ఇంటికి రా. మంచివాడే. మాట్లాడనిస్తేనే చిక్కు."

పెళ్ళయింది. తాళాలకని వచ్చినవాళ్ళు ఇప్పటికీ కొట్టు ముందు నిలబడి, "మిస్త్రీ, ఆ రోజు ఏమని అరిచావు?" అని అడుగుతారు.

"మీకు తాళం కావాలా, వద్దా?" అంటాడు.

కంపెనీ మోసం మోసమే. దాన్ని అతను క్షమించలేదు. కానీ ఆ సంగతి ఎత్తితే ఇంట్లో ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. అందుకని ఆ మాట ఈ జన్మలో మాట్లాడనని ఒకసారి చెప్పేశాడు. మళ్ళీ మాట్లాడలేదు.