కోకాపేట చెరువులో నీలిమంట

కిష్టమ్మను చంపింది బొగ్గుగనిలోని గ్యాస్ కాదు. మెడ ఎత్తి చూడటానికి బద్ధకించి, గ్యాస్‌ను పట్టే దీపాన్ని మోకాలి ఎత్తున వేలాడదీయించిన ఓవర్‌మన్, అంటే గని పర్యవేక్షకుడు. ఆమె మొగుడు ఎల్లేశానికి ఇందులో అనుమానం లేదు. విచారణ సంఘం ఏం రాసుకుందో అతను చదవలేదు.

1949. గని వదిలి గూఢచారి శాఖలో చేరిన ఎల్లేశం మూసాపేటలో ఒక గోదాము తలుపు తట్టాడు.

"జొన్నలు ఎండినయా?"

"మబ్బు పట్టింది."

కోడ్ సరిపోయింది. చీఫ్ రామచంద్రం తలుపు తీశాడు.

"సముద్రంల చమురు తవ్వే ప్లాట్‌ఫాం మనోళ్లు తయారు చేసిండ్రు. నమూనా కోకాపేట చెరువుల తేలుతున్నది. రేపు పొద్దుగాల పదింటికి పరీక్ష. పదకొండు మంది ఇంజనీర్లు ఎక్కుతరు. ఒక విదేశీ ముఠా దాన్ని పేల్చాలని చూస్తున్నది. లోపల మన ఏజెంట్ కనకలక్ష్మి ఉన్నది. గ్యాస్ డిటెక్టర్లు పెట్టించింది ఆమెనే."

"ఎక్కడ పెట్టించింది?"

"అది చూడనీకే నిన్ను పంపుతున్న."

మర్నాడు ఎల్లేశం రంగులేసే మేస్త్రీ వేషంలో ప్లాట్‌ఫాం ఎక్కాడు. రంగుడబ్బాలో గని సేఫ్టీ దీపం. దాని మంట జాలీ దాటి బయటికి రాదు.

ఇంజన్ గదిలో కనకలక్ష్మి నిలబడి ఉంది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు.

"ఐదు డిటెక్టర్లూ సున్నా చూపిస్తున్నాయి మేస్త్రీ. వెళ్లి చాయ్ తాగు."

ఐదూ మోకాలి ఎత్తున ఉన్నాయి. పరీక్షకు సిలిండర్లలో తెచ్చింది గనుల్లో పుట్టే గ్యాసే. గాలికన్నా తేలిక, పైకప్పు కిందే చేరుతుంది. దీపం పైకెత్తి చూడనిదే గనిమనిషి ఎక్కడా అడుగుపెట్టడు. ఎల్లేశం నిచ్చెనెక్కి ఎత్తాడు. మంట మీద నీలిటోపీ లేచింది. గ్యాస్!

పదికి రెండు నిమిషాలు. పది కాగానే మోటారు స్విచ్ నొక్కుతారు. ఒక్క రవ్వ చాలు.

వెనక పిస్తోలు క్లిక్‌మంది.

"దిగు. ఇది పేలేలోగా నేను పడవెక్కాలి. మీ చీఫ్‌కు నేను సగమే నిజం చెప్పాను. ఆ ముఠా మనిషిని నేనేనని చెప్పలేదు."

"కాల్చమ్మా," అన్నాడు ఎల్లేశం దిగకుండానే. "ఆ తూటా నిప్పే గద. నీ పట్టుచీర గూడ నాతోనే వస్తది."

ఆమె వేలు ఆగిపోయింది.

అప్పుడే ఇంజనీరు వీరేశం గడియారం చూసుకుంటూ లోపలికొచ్చి స్విచ్ మీద చెయ్యి వేశాడు. ఎల్లేశం నిచ్చెన మీంచి దూకి ఆ మణికట్టు పట్టేశాడు.

"సారూ, చెయ్యి తియ్యి. కప్పు కింద గ్యాస్ నిండింది, జర పైకి చూడు."

వాళ్లు పైకప్పు తలుపులు తెరిచేలోగా కనకలక్ష్మి చెరువులోకి దూకింది. పట్టుచీర నీళ్లు తాగింది. ఈదలేక తేలుతున్న ఆమెను పట్టుకోవడానికి పోలీసు పడవకు తొందరపడే అవసరం రాలేదు.

సాయంత్రం రామచంద్రం రిపోర్టు ముందేసుకున్నాడు. "డిటెక్టర్లన్నీ పైకి ఎక్కించినం. అవి తప్పు జాగల ఉన్నయని చూడంగనే నీకెట్ల తెలిసింది? కారణం రాయాలె."

"నా పెండ్లాం పాణం పోయినంక తెలిసింది. అది రాయకుండ్రి. ఖాళీ ఇడువుండ్రి సార్. సర్కారు కాయితాలల్ల ఖాళీలకేం తక్కువ?"

రామచంద్రం కలం ఆపాడు. "అసలేమైంది ఎల్లేశం?"

"ఇగ ఆ ముచ్చట నా నోట ఎన్నడూ రాదు."