పూజగదిలోంచి పోయిన రివాల్వర్

ధన్!

గడ్డి చుట్ట పక్కన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది.

అంకిత నేలకి కరుచుకుపోతుంది. చెవులు గింగురుమంటున్నాయి. నోటి నిండా దుమ్ము.

సాయంత్రం ఆరు కూడా కాలేదు. చలికాలమని గడియారాలు గంట వెనక్కి తిప్పినప్పటినుంచీ టెక్సాస్‌లో ఆఫీసు వదిలేసరికే చీకటి. చుట్టూ మన సర్కారు తుమ్మలాంటి మెస్కీట్ పొదలు. కనుచూపు మేరలో ఒక్క ఇల్లు లేదు.

ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు. మామూలు పిస్తోలు చెవిలో పేలుతుంది. ఇది గుండెల మీద గుద్దుతుంది. ఫార్టీఫోర్ మాగ్నమ్. జానెడు గొట్టం. పట్టుకుంటే మణికట్టు లాగేసే బరువు.

ఆ రివాల్వర్ ఆమెదే!

"అక్కా... బయటికి రా. కూర్చుని మాట్లాడుకుందాం."

వినీత్. కేశవరావు అంకుల్ కంపెనీలో పనిచేసే కుర్రాడు. మొన్నమొన్నటిదాకా ఆదివారం ఆదివారం ఇదే స్థలంలో, ఆమె పక్కనే నిలబడి, ఇదే రివాల్వర్ కాల్చడం నేర్చుకున్నవాడు.

కూర్చుని మాట్లాడుకోవాలట! చేతిలో అంత ఫిరంగి పెట్టుకుని!

అంకిత పలకదు. పలికితే ఎక్కడుందో తెలిసిపోతుంది.

వెనక, గేటు దగ్గర... నిధి.

నిధి ఆమె పిన్ని కూతురు. ఎమ్మెస్ చదవడానికి వచ్చి ఆమె అపార్ట్‌మెంట్‌లోనే ఉంటోంది. ఇప్పుడు తొడలో గుండుతో నేలమీద పడి ఉంది. వినీత్ బిత్తరపోయి నిలబడ్డప్పుడే అంకిత తన చున్నీ బిగించి కట్టింది. కట్టిన కాసేపటికే చున్నీ తడిసిపోయింది.

911కి దారిలోనే ఫోన్ చేసింది. కార్‌లోనే ఉండండి మేడమ్, వస్తున్నాం అన్నారు. ఎప్పటికి వస్తారు? ఇది వాళ్ళుండే ఇర్వింగ్ కాదు. అక్కడినుంచి గంట దూరం. హైవే దిగాక మట్టిరోడ్డు.

వాళ్ళు వచ్చేదాకా వినీత్ గేటువైపు వెళ్ళకూడదు. నిధి బతకాలి. ఇవాళ ఆమెకి ఇంకో పని లేదు.

టిక్... టిక్...

గుండుని కొట్టి పేల్చే హేమర్‌ని వెనక్కి లాగుతున్నాడు.

అది సింగిల్ యాక్షన్. ప్రతి గుండుకీ బొటనవేలితో హేమర్ వెనక్కి లాగాలి. లాగకుండా ట్రిగ్గర్ ఎంత నొక్కినా పేలదు. కాల్చాక మళ్ళీ లాగాలి. ఈ కాలంలో ఈ చాదస్తం ఎవరిక్కావాలని షూటింగ్ రేంజ్‌లో అందరూ నవ్వేవాళ్ళు.

అంకితకి ఆ చాదస్తమే ఇష్టం. ఆఫీసులో రోజంతా కాల్ మీద కాల్. ఒకటి ముగియకముందే ఇంకోటి. ఇక్కడ అలా కాదు. ఒక్క గుండు. ఊపిరి. ఇంకో గుండు. మొదటిసారి కాల్చినప్పుడు ఆ దెబ్బకి గొట్టం లేచి నుదుటిదాకా వచ్చింది. భయపడాల్సింది పోయి పగలబడి నవ్వింది. హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే హెచ్ వన్ వీసా మీద ఉన్నవాళ్ళూ కొనుక్కోవచ్చని తెలియగానే కొనేసింది.

మగరాయుడన్నారు. దీన్నెవరు చేసుకుంటారన్నారు. అన్నవాళ్ళే ఆదివారం వచ్చి, "మాకూ ఓసారి ఇవ్వవా" అని అడిగి మరీ ఫోటోలు దిగారు.

ధన్!

గొట్టం కొసన ఇంత మంట. ఆ వెలుగులో వాడి ముఖం కనిపిస్తుంది.

కళ్ళు మూసుకుని కాలుస్తున్నాడు వెధవ! దెబ్బకి భయపడి ముందే కళ్ళు మూస్తున్నావురా అని ఎన్నిసార్లు చెప్పిందో. వింటేగా.

మంచిదే. గొట్టం కిందికి దించి, మళ్ళీ హేమర్ లాగి, మళ్ళీ గురి చూసేసరికి...

అంకిత లేచి పరిగెడుతుంది. గేటుకి దూరంగా. గుళ్ళు ఆగడానికి పోసిన మట్టికట్ట వైపు. కావాలనే కొమ్మలు విరుస్తూ, రాళ్ళు తన్నుతూ.

"ఇటు రారా. నేనిక్కడున్నా."

వాడి బూట్ల చప్పుడు ఇటే తిరుగుతుంది. అమ్మయ్య.

ముళ్ళు చేతులు గీరేస్తున్నాయి. మట్టికట్ట వెనక కూలబడి ఊపిరి బిగబడుతుంది.

ఎంత చక్కగా తెచ్చుకుంది ఇదంతా నెత్తిమీదికి!

దసరా. ఆయుధపూజ. అందరూ కార్లకి నిమ్మకాయలు పెట్టారు. లాప్‌టాప్‌లకి బొట్లు పెట్టారు. తనూరుకుంటుందా? సేఫ్‌లోంచి రివాల్వర్ తీసి, తళతళా తుడిచి, పసుపూ కుంకుమా అద్ది, బంతిపూలు వేసి అమ్మవారి ముందు పెట్టింది. ఫోటో తీసి వాట్సాప్ గ్రూప్‌లో వేసింది. లైకులే లైకులు.

పూజలో పెట్టిన ఆయుధాన్ని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. అమ్మమ్మ నేర్పిన పద్ధతి. ఇంటినిండా పేరంటానికి వచ్చినవాళ్ళు. సేఫ్ బార్లా తెరిచి ఉంది. రివాల్వర్ దేవుడి దగ్గర. పక్కనే గుళ్ళ పెట్టె. దానికీ బొట్టు పెట్టింది మహాతల్లి!

మర్నాడు పొద్దున పీటమీద పూలు మాత్రమే ఉన్నాయి.

ఎవరు తీశారో అప్పుడే అర్థమైంది. ప్రసాదమని వినీత్ ఊరికూరికే ఆ గదిలోకి వెళ్ళాడు. ఆ వారమే నిధి వాడికి ముఖంమీద చెప్పేసింది, నాకు నీమీద అలాంటి ఉద్దేశం లేదని.

పోలీసులకి ఫోన్ చెయ్యబోతుంటే కేశవరావు అంకుల్ వచ్చి సోఫాలో కూర్చున్నాడు. వినీత్‌కి హెచ్ వన్ చేయించింది ఆయనే. ఈ పదెకరాలు ప్లాటింగ్ కోసం కొన్నదీ ఆయనే.

"అమ్మా అంకితా, ఆవేశపడకు. రిపోర్ట్ ఇస్తే కుర్రాడి వీసా పోద్ది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. మనవాడమ్మా. నేను మాట్లాడి నీ వస్తువు నీకు ఇప్పిస్తాగా."

"వస్తువు కాదంకుల్. గన్."

"నీ వీసా స్టేటస్ కూడా చూసుకోవాలి కదా. గన్ బయట ఎందుకు పెట్టావని అడిగితే ఏం చెప్తావ్?"

ఆ మాట పనిచేసింది. ఆమె ఫోన్ పక్కన పెట్టేసింది. నేను తియ్యలేదంకుల్ అని వాడు ఒట్టేశాడు. ఆయన నమ్మాడు. నమ్మితే ఆయనకి ఏ గొడవా లేదు మరి.

ఇవాళ నాలుగున్నరకి నిధి మెసేజ్. "అక్కా, వినీత్ గన్ ఇచ్చేస్తానన్నాడు. అంకుల్ ల్యాండ్‌లో దాచాడట. వెళ్ళి తెస్తున్నా. తిట్టొద్దు ప్లీజ్."

అది చూసేసరికి అంకిత పై ప్రాణాలు పైనే పోయాయి. మీటింగ్ మధ్యలో లేచి వచ్చేసింది. గేటు దగ్గర కారు దిగుతుండగానే మొదటి గుండు పేలింది. నిధి అరుపు వినిపించింది.

"అక్కా."

గొంతు దగ్గరికి వచ్చింది. మట్టికట్టకి అవతలే.

"కావాలని కాల్చలేదక్కా. కాస్త బెదిరిద్దామనుకున్నా. అదే పేలింది."

అదే పేలిందట! హేమర్ ఎవర్రా లాగింది? మీ తాతా?

"నిధికి రక్తం పోతోంది వినీత్. హాస్పిటల్‌కి తీసుకెళ్దాం. గన్ కింద పెట్టు."

"తీసుకెళ్తే కేస్ అవుద్ది. నా లైఫ్ పోద్ది. గ్రీన్ కార్డ్‌కి వన్-ఫార్టీ అప్రూవ్ అయిందక్కా, మొన్నే."

మనిషి చచ్చిపోతుంటే వీడికి గ్రీన్ కార్డ్!

"పోలీసులు వస్తున్నారు. నేనే ఫోన్ చేశాను."

వాడు నవ్వుతాడు. మెల్లగా, జాలిగా.

"నువ్వు చెయ్యవక్కా. అప్పుడూ చెయ్యలేదుగా."

వాడన్నది నిజం.

ధన్! మట్టికట్ట మీద దుమ్ము లేస్తుంది.

ధన్! వెనకెక్కడో గురికోసం వేలాడదీసిన ఇనప రేకు ఖంగుమంటుంది.

ధన్! ఈసారి చెవి పక్కనుంచి పోతుంది.

టిక్... టిక్... టప్.

పేలలేదు.

ఖాళీ!

ఆమె చెవులు రిక్కిస్తుంది. రాళ్ళమీద ఖాళీ షెల్ పడిన చప్పుడు. ఆగి... ఇంకోటి.

ఈ రివాల్వర్ నింపడం అంత తేలికా? పక్కనున్న చిన్న తలుపు తెరవాలి. కాలిన షెల్స్ ఒక్కొక్కటే కడ్డీతో నెట్టాలి. కొత్తవి ఒక్కొక్కటే దూర్చాలి. పట్టపగలు, బల్లమీద పెట్టుకుని చేస్తేనే వాడి చేతులు వణికేవి.

అంకిత గుప్పెడు మట్టి తీసుకుని కట్ట ఎక్కి దూకుతుంది.

వాడు తలెత్తుతాడు. కళ్ళనిండా మట్టి. ఆమె వచ్చి వాడిమీద పడుతుంది. ఇద్దరూ పొదలోకి దొర్లుతారు. వాడి మోచెయ్యి ఆమె పక్కటెముకల్లో దిగుతుంది. ఆమె చేతికి గొట్టం దొరుకుతుంది. చుర్రుమంటుంది! అరచెయ్యి కాలిపోతున్నా వదలదు. వాడి మణికట్టు కసిగా కొరుకుతుంది.

వాడు కెవ్వుమంటాడు. పట్టు జారుతుంది.

ఆమె వెనక్కి దొర్లుతుంది. చిన్న తలుపు మూస్తుంది. హేమర్ లాగుతుంది.

టిక్. టిక్. టిక్.

"కదిలితే చంపేస్తా."

ఎన్ని గుళ్ళు పెట్టాడో ఆమెకి తెలీదు. హేమర్ కిందున్న అరలో గుండుందో లేదో అసలే తెలీదు. ఆ సంగతి వాడికీ తెలీదు.

"అక్కా... వద్దక్కా. మా అమ్మ తట్టుకోలేదు."

ఇప్పుడు గుర్తొచ్చింది అమ్మ!

నొక్కాలనిపిస్తుంది. నిజంగానే అనిపిస్తుంది. వేలు ట్రిగ్గర్ దాకా వెళ్తుంది. ఈ చేతులతో ఎన్ని గుళ్ళు కాల్చింది... ఎన్నడూ మనిషి ముఖం ఎదురుగా లేదు. వేలు వెనక్కి వచ్చేస్తుంది.

దూరంగా సైరన్.

వాడు అది విన్నాడు. ఒక్క ఉదుటున లేచి పరుగు తీస్తాడు. రోడ్డువైపు. పొదల్లో పడి మాయమైపోతాడు.

పోనీ. ఎక్కడికి పోతాడు? కంచె దాటితే పోలీసులే.

అంకిత గేటు దగ్గరికి పరిగెడుతుంది.

"నిధీ... నిధీ, కళ్ళు తెరవ్వే."

ముఖం పాలిపోయి ఉంది. ఊపిరి ఉంది. ఆమె మోకాళ్ళమీద కూర్చుని ఎడమచేత్తో గాయాన్ని అదిమి పడుతుంది. వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా తగులుతోంది. అదుముతూనే ఉండాలి. ఎత్తితే అయిపోతుంది.

కుడిచేతిలో రివాల్వర్. హేమర్ ఇంకా వెనక్కి లాగి ఉంది. వాడు మళ్ళీ వస్తే?

మట్టిరోడ్డు మీద ఎర్రలైట్లు, నీలంలైట్లు. కారు తలుపులు తెరుచుకున్న చప్పుడు.

"వచ్చేశారే తల్లీ. అయిపోయింది. ఇంటికెళ్ళిపోదాం."

అప్పుడు వినిపిస్తుంది ఆ గొంతు. రోడ్డు మీదనుంచి. గట్టిగా, స్పష్టంగా, క్లయింట్ కాల్‌లో మాట్లాడే ఇంగ్లిష్‌లో.

"హెల్ప్! షి హాజ్ ఎ గన్! షి షాట్ మై గర్ల్‌ఫ్రెండ్!"

వాడు పారిపోలేదు. చేతులు పైకెత్తుకుని వాళ్ళకి ఎదురెళ్ళాడు!

తెల్లటి వెలుగు ఆమె కళ్ళల్లో పడుతుంది. వెలుగు వెనక ఎంతమందో తెలీదు.

"డ్రాప్ ద గన్!"

"సర్, ఐ కాల్డ్ యు. ఐ యామ్ ద వన్ హూ కాల్డ్..."

"డ్రాప్ ఇట్! నౌ!"

వదిలెయ్యొచ్చు. వేళ్ళు తెరిస్తే చాలు.

కానీ హేమర్ వెనక్కి లాగి ఉంది. ఇది ఎవరో ముసలాయన దగ్గర కొన్న పాతకాలపు రివాల్వర్. కొత్తవాటిలో ఉండే సేఫ్టీ ఇందులో లేదు. ఇలా రాళ్ళమీద పడితే హేమర్ జారి పేలిపోవచ్చు. ఎటు తిరిగి పేలుతుందో ఎవరూ చెప్పలేరు. పడబోయే చోటికి జానెడు దూరంలో నిధి తల.

విసిరెయ్యడానికి చెయ్యెత్తితే కాల్చేస్తారు. ఎడమచెయ్యి తీస్తే రక్తం ఆగదు.

అరలో గుండు లేదేమో. ఉందేమో. ఉందనే అనుకోవాలి. తుపాకీ పట్టినవాళ్ళెవరైనా అంతే.

ఒక్కటే దారి. బొటనవేలితో హేమర్ గట్టిగా పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా దించాలి. లెక్కలేనన్నిసార్లు చేసింది. నిద్రలో లేపినా చెయ్యగలదు. కానీ దానికి ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి. వెలుగు వెనకున్నవాళ్ళకి కనిపించేది ఆ వేలొక్కటే.

"ఇట్స్ కాక్డ్, సర్. ప్లీజ్. లెట్ మీ లోయర్ ఇట్. జస్ట్ వన్ సెకండ్."

"ఫింగర్ ఆఫ్ ద ట్రిగ్గర్!"

వాళ్ళ గొంతులు వణుకుతున్నాయి. భయపడుతున్నారు. భయపడ్డవాడి చేతిలో తుపాకీ ఎలా ఉంటుందో ఇందాకే చూసింది.

నిధి కళ్ళు తెరుస్తుంది.

"అక్కా... గన్ దొరికిందా?"

"దొరికిందే. నువ్వు కదలకు."

బొటనవేలు హేమర్ మీద. చూపుడువేలు ట్రిగ్గర్ మీద.

ఏడుపొస్తోంది. చెయ్యి మాత్రం వణకడం లేదు.

హేమర్ దిగుతోంది. మెల్లగా... ఇంకా మెల్లగా... చప్పుడు లేకుండా... పూర్తిగా దిగిపోయింది.

ఇక నేలమీద పెట్టేస్తే చాలు. గొట్టాన్ని నిధికి అవతలివైపు తిప్పి, అంకిత ముందుకి వంగుతుంది.

తుపాకీ పేలింది.

ఆమె చేతిలోది కాదు.